తోడికోడలి కోసం ఒక మనవి

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి పెద్దలకూ పిల్లలకూ ఆమె టేపక్కే. వంటింట్లో ఉన్నా, బజారుకు వెళ్లినా, ఒక్కోసారి మరిచిపోయి నడుం వాల్చినా ఆ టేపు మెడలోనే ఉండేది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త, "మా ఆవిడ నన్ను ముందు కొలిచింది, ఆ తర్వాతే పెళ్లికి ఒప్పుకుంది" అని వచ్చినవాళ్లను నవ్వించేవాడు.

వాళ్లుండేది ఒక పాత భవనంలో కింది వాటా. వీధివైపు గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడకు నిలువుటద్దం, అద్దం పక్కన ఒక తెర. ఆ తెర వెనక బట్టలు మార్చుకునే ఆడవాళ్లు బట్టలతో పాటు మనసు కూడా విప్పేవాళ్లు. విప్పకపోయినా కుట్టేవాళ్లకు కొన్ని తెలిసిపోతాయి. ఎవరికి నెల తప్పిందో, ఎవరు దిగులుతో చిక్కిపోతున్నారో నోటికంటే ముందు నడుము చెబుతుంది.

టేపక్క చెడ్డ మనిషి కాదు. దైవభక్తి ఉన్న మనిషి. పొద్దున్నే మిషను పెడలు మీద కాలు పెట్టే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. వారానికో సాయంత్రం మందిరంలో ఆడవాళ్ల ప్రార్థనకు వానైనా ఎండైనా వెళ్లేది. అక్కడ ఆమె ప్రార్థనకు మంచి పేరు. గొంతు సన్నగా వణుకుతూ, మాటలు ఒకదాని వెంట ఒకటి తేనె కారినట్టు వచ్చేవి. వింటున్నవాళ్ల కళ్లు చెమర్చేవి.

ఉన్న లోపమల్లా నోరు. కోడలిగా వచ్చిన కొత్తలోనే అత్తగారు తేల్చేసింది, ఈ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదని. ఆ మాట టేపక్కకు బాగా గుచ్చుకుంది. గుమ్మాల్లో నిలబడి ఊరివాళ్ల సంగతులు మాట్లాడటం ఆ రోజుతో మానేసింది. మానేశాననే అనుకుంది. కానీ కట్టేసిన నీళ్లు ఏదో పక్క గండి వెతుక్కుంటాయి కదా. మందిరంలో ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకునేవాళ్లు. ఫలానా వాళ్లబ్బాయి చెడు సావాసాలు పట్టాడు, వాడి కోసం వేడుకుందాం. ఫలానా ఆవిడ మొగుడితో మాట్లాడటం మానేసిందట, ఆ ఇంటి కోసం వేడుకుందాం. గుమ్మంలో చెబితే చాడీ, మందిరంలో చెబితే మనవి. మాట అదే, చెప్పులు మాత్రం బయట విడిచి లోపలికి వచ్చింది. అది టేపక్కకు ఎన్నడూ తోచలేదు. అందరి కష్టమూ తన కష్టంగా మోస్తున్నాననే అనుకునేది.

ఆమె మరిది దూరప్రాంతాలకు లారీ తోలేవాడు. ఇంట్లో ఉండేది తక్కువ, రోడ్డు మీద ఉండేది ఎక్కువ. అతని భార్య, అంటే టేపక్క తోడికోడలు, రెండు వీధుల అవతల ఒక పసిపిల్లల బడిలో పనిచేసేది. తల్లిదండ్రులు పనికి వెళుతూ వదిలిపెట్టే చిన్నపిల్లల్ని అక్కడ చూసుకునేవాళ్లు. మెత్తటి మనిషి. నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. సొంత చెల్లెళ్లు లేని టేపక్కకు ఆమె అంటే నిజంగానే ప్రాణం.

ఒక మధ్యాహ్నం తోడికోడలు బడిలో వేసుకునే నీలం పైచొక్కా పట్టుకుని వచ్చింది. బాగా వదులైపోయింది, కాస్త బిగించాలంది. టేపక్క టేపు చుట్టి చూస్తే నడుము కొలత బాగా తగ్గింది. ఏంటే, ఇంతలా చిక్కిపోయావు, ఒంట్లో బాగుందా అని అడిగింది. తోడికోడలు ముందు ఏం లేదంది. తర్వాత తెర వెనక్కి వెళ్లి, చొక్కా మార్చుకుంటూ అక్కడి నుంచే మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలపాటు నిద్ర పట్టలేదు. కారణం లేకుండా గుండె దడదడలాడేది. ఒకరోజు స్నానాల గదిలో కూర్చున్నది కూర్చున్నట్టే లేవలేకపోయింది. తనంతట తనే డాక్టరు దగ్గరికి వెళ్లింది. జ్వరం, దగ్గు లాగే మనసుకీ జబ్బు చేస్తుందని, భయపడొద్దని ఆ డాక్టరు చెప్పాడట. మందులిచ్చాడు. ఇప్పుడు చాలావరకు నయం. ఆకలి కూడా వేస్తోంది. పిల్లల దగ్గర ఉన్నంతసేపూ మనసు తేలిగ్గా ఉంటోంది. ఈ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు.

తెర తీసి బయటికి వచ్చి, "చిన్నపిల్లలతో పని కదక్కా. వింటే వాళ్ల అమ్మానాన్నలు ఏమనుకుంటారో. బావగారికి కూడా చెప్పకు. నీ కడుపులో పెట్టుకో" అంది.

"నాకు చెప్పాలా అమ్మాయ్?" అంది టేపక్క. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. ఇద్దరూ టీ తాగారు. చొక్కా రెండు రోజుల్లో ఇస్తానని చెప్పి పంపింది.

మర్నాటి సాయంత్రమే మందిరంలో ప్రార్థన. వెనక గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ప్రార్థన నడిపే పెద్దమ్మ ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. మాట తక్కువ మనిషి. మనవులు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఒకావిడకు మోకాళ్ల నొప్పులు, ఇంకొకావిడ కొడుకు ఉద్యోగం. టేపక్క వంతు దగ్గరపడుతున్న కొద్దీ ఆమెకు కంగారు పుట్టింది. ఆ వారం చెప్పడానికి ఏమీ లేదు. వాళ్ల ఇల్లు చల్లగా ఉంది, భర్త ఆరోగ్యంగా ఉన్నాడు. ఏమీ లేదని చెప్పి ఊరుకోవచ్చు. చాలామంది అలాగే అంటారు. కానీ ఆమెను అందరూ ఎదురుచూస్తున్నట్టు చూశారు. ఆ చూపు దాటి రావడం ఆమెకు చేతకాలేదు.

"పేరు చెప్పనండీ. మా ఇంటి మనిషే" అని మొదలుపెట్టింది. అక్కడితో ఆపుదామనే అనుకుంది. ముందుకు వంగిన ఆ తలలు చూస్తే మాట దానంతటదే సాగింది. చాలా మంచి పిల్ల, పసిపిల్లలంటే ప్రాణం, రోజంతా వాళ్ల మధ్యే ఉంటుంది, పాపం మనసు బాగోక నలిగిపోతోంది. ఇక పేరు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. దళసరి కళ్లద్దాలు పెట్టుకునే ఒకావిడ ఉండేది. ఆమె మనవరాలు ఆ బడికే వెళుతుంది. ఆవిడ మెల్లగా, "మందులేమైనా వాడుతోందా?" అని అడిగింది.

"వాడుతోందండీ. నిద్రకీ, భయానికీ" అని చెప్పింది టేపక్క.

తర్వాత ఆమె చేసిన ప్రార్థన ఎప్పటికంటే బాగా వచ్చింది. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. వెళ్లేటప్పుడు ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని, నీలాంటి తోడికోడలు ఉండటం అదృష్టం అంది. టేపక్క బరువు దించుకున్నట్టు తేలిగ్గా నడిచి ఇంటికి వచ్చింది. అన్నం వడ్డిస్తుంటే మాత్రం లోపల ఎక్కడో ఒక్క ముల్లు కదిలింది. చెప్పకుండా ఉండాల్సిందేమో. వెంటనే తనకు తనే సర్దిచెప్పుకుంది. బజార్లో చెప్పానా ఏమిటి, దేవుడి ముందే కదా చెప్పాను.

చొక్కా కుట్టి, ఇస్త్రీ చేసి, కొక్కేనికి తగిలించింది. తోడికోడలు చెప్పిన రోజుకు తీసుకోవడానికి రాలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం వచ్చింది. అప్పుడు టేపక్క ఒక లావుపాటి ఆవిడను పీట మీద నిలబెట్టి, గౌను అంచుకు గుండుసూదులు గుచ్చుతోంది. నోటి నిండా గుండుసూదులు. అద్దంలో తోడికోడలి మొహం చూసింది. ఆ మొహం చూడగానే సంగతేమిటో తెలిసిపోయింది. చేతులు వాటంతటవే పని చేస్తున్నాయి. ఒక సూది ఆవిడ పిక్కకు తగిలి ఆవిడ కస్సుమంది. తోడికోడలు మాత్రం తొందరపడలేదు. చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు. ఆవిడ బట్టలు మార్చుకుని, తీరుబడిగా సంచి సర్దుకుని వెళ్లేదాకా గోడ పక్కన నిలబడింది.

"రేపట్నుంచి రావద్దన్నారక్కా" అంది. "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. ఎన్నాళ్లో చెప్పలేదు. మీ ఇంట్లోవాళ్లే మీ కోసం ప్రార్థన చేయించారటగా అంది బడి మేడమ్."

టేపక్క నోట్లో ఇంకా ఒక సూది ఉంది. తీసి బల్ల మీద పెట్టింది. నీ మంచి కోరే చెప్పానంది.

"నా పేరు దేవుడికి తెలీదా అక్కా? అంతమందికి చెబితే గానీ ఆయనకి వినపడదా?"

"పేరు చెప్పలేదు" అంది టేపక్క.

అది ఎంత నీచమైన మాటో నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు. తోడికోడలు ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. కొక్కేనికి ఉన్న నీలం చొక్కా తీసి, మడత పెట్టి, ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. ఇక అక్కర్లేదక్కా అని వెళ్లిపోయింది. టేపక్కకు తల కొట్టేసినట్టయింది. ఎదురుగా నిలువుటద్దం. అందులో తన మొహం చూసుకోలేక పక్కనున్న తెర లాగి అద్దం మీద వేసింది.

ఆ రాత్రి భర్త భోజనానికి కూర్చున్నాడు. తమ్ముడు రోడ్డు మీద నుంచి ఫోను చేశాడని చెప్పాడు. "వాడు ఏడ్చాడు. నీకు తెలుసా అన్నయ్యా అని అడిగాడు. తెలీదన్నాను. వాడు నమ్మలేదు." అంతే. తిట్టలేదు. తిన్న కంచం తనే తీసుకెళ్లి కడుక్కున్నాడు. ఏళ్ల కాపురంలో ఆయన ఎప్పుడూ చేయని పని అది. ఆ నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్న టేపక్కకు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

పొద్దున్నే ఎప్పటిలాగే మిషను ముందు కూర్చుని కళ్లు మూసుకుంది. మాటలు వచ్చాయి. తియ్యగా, వరసగా, తేనె కారినట్టే వచ్చాయి. దయామయుడా, నలిగిన మనసులకు ఆదరువా. ఆ కళ్లద్దాల ఆవిడ ఎదురుగా కూర్చుని వింటున్నట్టు అనిపించి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. గదిలో ఎవరూ లేరు. ఒంటరిగా దేవుడితో మాట్లాడేటప్పుడు కూడా ఎవరో వింటున్నట్టు మాట్లాడటం ఎప్పటి నుంచి అలవాటైందో ఆమెకు తెలియలేదు. ప్రార్థన అక్కడితో ఆపేసింది.

తోడికోడలి ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. "ఇప్పుడు కాదక్కా" అంది మెల్లగా. తలుపు కూడా మెల్లగానే వేసింది.

ఇక మిగిలింది మందిరం. ప్రార్థన రోజున అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుందామని నిశ్చయించుకుంది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. అనుకుంటుంటేనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెందలాడే వచ్చేసింది కాబట్టి లోపల పెద్దమ్మ ఒక్కతే ఉంది, తడిగుడ్డతో కుర్చీలు తుడుస్తోంది. టేపక్క చెప్పింది విని ఆవిడ తుడవడం ఆపలేదు.

"ఇక్కడ ఏడిస్తే ఏమవుతుందో తెలుసా? వాళ్లంతా నిన్ను ఓదారుస్తారు. ఎంత మంచి మనసో అంటారు. ఇంటికెళ్లి ఆ పిల్ల కథ మళ్లీ మొదట్నుంచి చెప్పుకుంటారు."

తను దారి పొడుగునా సిద్ధం చేసుకున్నదంతా ఇంకో మనవేనని అప్పటికి టేపక్కకు అర్థమైంది.

"మాట ఏ ఇంటికి వెళ్లిందో ఆ ఇంటికి వెళ్లు" అంది పెద్దమ్మ. "కన్నీళ్లు వద్దు. నాది తప్పని చెప్పు, చాలు. ఆ పిల్ల గురించి మంచిగా కూడా ఇంకో ముక్క మాట్లాడకు." గుడ్డ పిండి, కిటికీ మీద ఆరేసి, వెనక్కి తిరగకుండానే అంది: "ఆ రోజు నేనూ ఇక్కడే కూర్చున్నానుగా. ఆపొచ్చు. ఆపలేదు. ఎవరా అని నాకూ వినాలనిపించింది. నేను కూడా ఆ పిల్ల దగ్గరికి వెళ్లాలి."

టేపక్క ఆ సాయంత్రం ప్రార్థనకు ఉండలేదు.

ముందు కళ్లద్దాల ఆవిడ ఇంటికి వెళ్లింది. ఆవిడ ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పక్కన చేరి, ఇప్పుడెలా ఉంది పాపం ఆ అమ్మాయికి అని అడిగింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. నయమవుతోందండీ అనడంలో తప్పేముంది? మంచి మాటే కదా. టేపక్క గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆ మాటను మింగింది. అది మింగడం అంత కష్టంగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"అది నేను చెప్పకూడని మాటండీ. చెప్పాను. తప్పు నాది. మీరు ఎవరికైనా చెప్పి ఉంటే, నాది తప్పని ఒప్పుకున్నానని కూడా చెప్పండి."

ఆవిడ మొహం మాడిపోయింది. నేనేమైనా ఊరంతా టముకు వేశానా అంది. మా కోడలికి చెప్పాను, పసిదాని తల్లి కాబట్టి చెప్పాలి కదా, నువ్వు చెప్పబట్టే కదా నాకు తెలిసింది అంది. అందులో అబద్ధమేమీ లేదు. టేపక్క అవునండీ అంది. తాగని నీళ్లు బల్ల మీద పెట్టి లేచింది. గుమ్మం దిగుతుంటే వెనక నుంచి, మంచికి పోతే ఇంతే అన్న మాట వినిపించింది. ఆ మాట తను ఎన్నిసార్లు ఎంతమందిని అన్నదో గుర్తొచ్చింది.

అలా ఇంకో ఇంటికి, ఆ తర్వాత ఇంకో ఇంటికి వెళ్లింది. ఒకావిడ నవ్వేసింది. ఒకావిడ తలుపు దగ్గరే నిలబెట్టి పంపేసింది. ఎక్కడా ఏడవలేదు. ఎక్కడా ఎవరూ ఎంత మంచి మనసో అనలేదు.

చివరికి పసిపిల్లల బడికి వెళ్లింది. పిల్లలు పడుకున్న వేళ. గోడ వారన చిన్న చిన్న చెప్పులు వరసగా ఉన్నాయి. నడిపే మేడమ్ ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టింది. అక్కడున్నవన్నీ పిల్లల కుర్చీలే. టేపక్క మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. చెప్పాల్సింది చెప్పింది.

"అంటే మీరు చెప్పింది అబద్ధమా?" అని అడిగింది మేడమ్.

టేపక్కకు ఒక దారి కనబడింది. ఒక్క మాట. అబద్ధమేనండీ, ఏదో కోపంలో కల్పించి చెప్పాను అంటే చాలు. తన పరువు పోతుంది, పోతే పోనీ. తోడికోడలి పని తోడికోడలికి వస్తుంది. అంతకంటే పెద్ద పశ్చాత్తాపం ఉంటుందా? ఆ మాట అనడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడే తోచింది. రేపు ఆ అమ్మాయి మందుసీసా ఎవరి కంటైనా పడితే, అబద్ధాలకోరు ఆమే అవుతుంది. మళ్లీ ఆమె ఒంటి సంగతి తనే తేలుస్తోంది, ఆమెను అడగకుండా.

"అది నిజమో అబద్ధమో చెప్పే హక్కు నాకు లేదండీ" అంది. "అప్పుడూ లేదు. ఆమె పని మీరు కళ్లారా చూశారు. నా నోటి మాటను పట్టుకుని ఆమెను కొలవకండి. అంతే అడుగుతున్నాను."

మేడమ్ చెడ్డ మనిషేమీ కాదు. పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలదీస్తే భయపడ్డ మనిషి. "ఆమెలా పిల్లల్ని చూసుకునేవాళ్లు నాకు దొరకరు" అంది చివరికి. "ఆలోచిస్తాను."

ఆలోచించడానికి ఆవిడకు చాలా రోజులే పట్టింది. ఆ తర్వాత నిజంగానే కబురు పంపింది. కానీ తోడికోడలు వెళ్లలేదు. పిల్లల్ని దింపడానికి వచ్చే ప్రతి తల్లీ తన చేతులు వణుకుతున్నాయేమోనని చూస్తుంటే అక్కడ పని చేయలేనందట. ఊరికి అవతలి కొసన ఇంకో బడిలో చేరింది. బస్సు మారి వెళ్లాలి. తెల్లారకముందే ఇంట్లోంచి బయలుదేరాలి. చేరేముందు తన జబ్బు సంగతి తనే అక్కడి యజమానికి చెప్పిందని, అయినా ఆయన తీసుకున్నాడని భర్త ద్వారా టేపక్కకు తెలిసింది. విని సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. తెల్లవారుజామున పాల కోసం తలుపు తీసినప్పుడు, ఎదురు వీధి మలుపులో బస్సు కోసం గబగబా నడిచిపోయే తోడికోడలు కనబడేది. నా నోటి వల్ల కదా ఈ నడక అనుకునేది. పిలిచే మొహం లేక తలుపు చాటుకు వెళ్లేది.

మందిరానికి వెళ్లడం మానలేదు. మానేయాలని చాలాసార్లు అనిపించింది, అయినా వెళ్లింది. వంతు వచ్చినప్పుడు నాకేమీ లేదండీ అనేది. మొదట్లో ఆ రెండు మాటలూ అనడానికే కష్టపడేది. ఇంట్లో పొద్దున ప్రార్థన కూడా చిన్నదైపోయింది. ఈ పూటకు నా నోరు కాయి తండ్రీ అనుకునేది, పెడలు మీద కాలు పెట్టేది. అంతకంటే అందమైన మాటలు వస్తే వాటిని నమ్మేది కాదు.

కొట్టు మాత్రం కళ తప్పింది. ఏమిటి టేపక్కా, నోటికి కూడా కుట్లు వేసుకున్నావా అని వేళాకోళం చేసేవాళ్లు. కబుర్ల కోసమే వచ్చే ఒకరిద్దరు వేరే కుట్టుమిషను వెతుక్కున్నారు. ఎవరైనా ఎవరి సంగతైనా ఎత్తితే ఆమె మిషను గట్టిగా తొక్కేది. ఆ చప్పుడులో ఏమీ వినపడేది కాదు. ఒకసారి తట్టుకోలేక నోరు జారింది. ఒకావిడ జాకెట్టు వదులు చేయించుకుని వెళ్లాక, పక్కనే ఉన్న ఇంకొకావిడతో, ఈ ఏడాది బాగా ఒళ్లు చేసిందండీ అనేసింది. చిన్న మాటే. కానీ చేతిలో కత్తెర ఆగిపోయింది. కొట్టు మూసి, ఆ ఇంటికి వెళ్లి, మీ గురించి ఇలా అన్నానని చెప్పింది. ఆవిడ విరగబడి నవ్వింది. ఇంత మాత్రానికి ఇంటిదాకా వచ్చావా, నేను లావయ్యానని నా మొగుడు రోజూ అంటాడు అంది. నవ్వినా టేపక్కకు తేలిగ్గా అనిపించలేదు. ఇన్ని నెలలు జాగ్రత్తపడ్డా తన నోరు తన చేతిలోకి రాలేదని, రేపు మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలని దిగులుపడుతూ ఇంటికి వచ్చింది.

అలా ఉండగా అత్తగారు మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు వేయించి టేపక్క ఇంటికి తీసుకొచ్చారు. ఆవిడకు వినికిడి తగ్గిపోయింది. ఆవిడతో ఏది చెప్పినా వీధి చివరిదాకా వినిపించేలా అరిచి చెప్పాల్సిందే. గుట్టు అనేది ఆ ఇంట్లోంచి పూర్తిగా తప్పుకుంది. నాకు బాత్రూముకి వెళ్లాలి అని ఆవిడ అంటే పై అంతస్తువాళ్లు కూడా దారి ఇచ్చేవాళ్లని టేపక్క భర్త నవ్వేవాడు.

సెలవురోజున తోడికోడలు అత్తగారిని చూడటానికి వచ్చింది. లారీ ప్రయాణం నుంచి మరిది కూడా వచ్చి ఉన్నాడు. అందరూ కలిసి భోంచేశారు. తోడికోడలు టేపక్కతో కావలసినంత వరకే మాట్లాడింది. కూర ఇటివ్వు అక్కా, నీళ్లున్నాయా అక్కా, అంతే. మాటలో గౌరవం తగ్గలేదు. ఆ గౌరవమే టేపక్కను కోసేసింది. అత్తగారికి వినపడకపోయినా కళ్లు బాగానే కనిపిస్తాయి. ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, "ఏమే, మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదా?" అని ఊరంతా వినేలా అడిగింది.

భర్త కంచంలోకి చూశాడు. టేపక్క తల ఎత్తింది. సర్దిచెప్పే మాటలు వంద ఉన్నాయి. అవేవీ వాడుకోలేదు.

"నేను తప్పు చేశానత్తయ్యా" అని గట్టిగా అరిచి చెప్పింది. ఆవిడకు వినపడాలి కదా. "తనది కాదు, నాది."

"ఏం తప్పు?" అని అరిచింది అత్తగారు.

"అది చెప్పకూడదు" అని అరిచింది టేపక్క. అత్తగారు కాసేపు ఆమెనే చూసి, నీకు చెప్పకూడనివి కూడా ఉన్నాయా అని గొణిగి మజ్జిగ పోయమంది. మరిది దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు.

తర్వాత ఇద్దరూ వంటింట్లో గిన్నెలు ముందేసుకుని నిలబడ్డారు. టేపక్క తోముతోంది, తోడికోడలు కడిగి తుడుస్తోంది. పెద్దమ్మ కూడా నా దగ్గరికి వచ్చిందక్కా అంది తోడికోడలు ఉన్నట్టుండి. టేపక్క తెలియదంది. నిజంగానే తెలియదు. వెళ్లి ఏమందో తెలుసుకోవాలనిపించింది, అడగలేదు. ఇంకో రెండు గిన్నెలు అయ్యాయి.

కొత్త బడిలో ఒక పిల్లాడు ఉన్నాడట. ఎవరైనా ఎత్తుకుంటే చాలు భుజం కొరికేస్తాడట. వాళ్ల నాన్న వచ్చి, మావాడు ముద్దు పెట్టుకోబోయి గురి తప్పుతాడండీ అని సర్దిచెప్పాడట. చెబుతూ చెబుతూ తోడికోడలి కళ్లు మూసుకుపోయాయి. టేపక్క కూడా నవ్వింది. ఎన్నాళ్ల తర్వాతో నవ్వితే బుగ్గలు నొప్పి పుట్టాయి.

తోడికోడలు చేతిలో కంచం తుడుస్తూ, "ఇది ఎవరికైనా చెప్పుకోవచ్చులే అక్కా" అంది.

వేళాకోళంగానే అంది. అందులో విషం లేదు. అయినా టేపక్క నవ్వు ఆగిపోయింది. ఇకమీదట తన దగ్గర ఏ మాట మాట్లాడినా, ఇది చెప్పొచ్చు, ఇది చెప్పకూడదు అని ఆ పిల్ల విడదీసుకుని మాట్లాడాలి. ఇంతకుముందు ఆ అవసరం ఉండేది కాదు. తల వంచుకుని గిన్నె అడుగున అంటుకున్న మాడును గోటితో గీకుతూ ఉండిపోయింది. తోడికోడలు అది చూసింది కాబోలు. ఇంకో కంచం అందుకుంది.

ముందుగదిలోంచి భర్త కేకేశాడు. "ఏంటి, అంతలా నవ్వుకుంటున్నారు?"

టేపక్క తోడికోడలి వైపు చూసింది.

"నువ్వే చెప్పు" అంది.